నైట్ షిఫ్టు వారంలో పడని చుక్క

కంటి ఆసుపత్రిలో కొత్తగా చేరిన ఇద్దరు ఆడపిల్లలు మొన్న మా ఇంటికి వచ్చారు. "సిస్టర్, మీరు ముప్పై ఏళ్ళు చేశారు కదా, మాకేమైనా చెప్పండి" అన్నారు. టీ ఇచ్చి, "ముందు మీరు చెప్పండి, కంటి ప్రెషర్ మందు ఎలా వెయ్యాలి?" అని అడిగాను. ఇద్దరూ గడగడా అప్పజెప్పారు. చేతులు కడుక్కోవాలి, కింది రెప్ప లాగాలి, ఒక్క చుక్క వెయ్యాలి, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఎక్కడా తప్పు లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

పాపం వాళ్ళ మీద కాదు. నేను కూడా అలాగే అప్పజెప్పేదాన్ని. అంత చక్కగా అప్పజెప్పగలిగిన రోజుల్లోనే, నా చేతుల మీదుగానే, ఒక క్రేన్ ఆపరేటర్ ఎడమ కంటి చూపు పోయింది. రెండోది కూడా పోవలసిందే, ఆఖరి నిమిషంలో నిలిచింది. ఆ సంగతి వాళ్ళకి చెప్పడం మొదలుపెట్టి మధ్యలో కోపం వచ్చి ఆపేశాను. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నా పేరు సుశీల. నాన్న రైల్వేలో గార్డు, భిలాయ్ పక్కన చరోదా క్వార్టర్లలో పెరిగాను. అమ్మది చర్చి, నాన్నది సింహాచలం, ఇంట్లో రెండు పండగలూ జరిగేవి. నర్సింగ్ చదివి భిలాయ్‌లోనే క్యాంప్ 1 దగ్గర ఒక ట్రస్టు కంటి ఆసుపత్రిలో చేరాను. పేరు అనవసరం. రెండు గదులు, ఒక డాక్టరు, ఒక పాత మిషను, బయట బెంచీల మీద యాభై మంది. నా ఉద్యోగమంతా ఆ బెంచీలకీ డాక్టరు గదికీ మధ్యనే గడిచింది.

పక్కల నుంచి పోయే చూపు

కంట్లో నీరు ఊరుతూ ఉంటుంది, బయటికి పోతూ ఉంటుంది. పోయే దారి సరిగ్గా పనిచెయ్యకపోతే లోపల ఒత్తిడి పెరిగి వెనక ఉన్న నరం నలుగుతుంది. పుస్తకాల్లో నీటికాసులు, గ్లకోమా అంటారు. భిలాయ్‌లో ఆ మాట ఎవరికీ తెలియదు, 'కాలా మోతియా' అంటేనే తెలుస్తుంది. అదీ ఒక తలనొప్పే. మోతియా అన్న మాట చెవిన పడగానే జనం ధైర్యంగా కూర్చుంటారు. "ఆపరేషన్ చేస్తే చూపొచ్చీస్తాది కదా సిస్టరూ, మా అమ్మకి వచ్చీసింది" అంటారు. వాళ్ళమ్మకి వచ్చింది తెల్ల మోతియా, శుక్లం. దీనికి ఆపరేషన్ చేసినా, మందు వేసినా, ఉన్న చూపు నిలుస్తుందంతే. పోయింది పోయినట్టే. ఈ ఒక్క ముక్క నేను ఎన్ని వేలసార్లు చెప్పి ఉంటానో!

చాలామందిలో ఈ జబ్బుకి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. ఎదురుగా ఉన్నవన్నీ బాగానే కనిపిస్తాయి, చూపు పక్కల నుంచి తరుగుతూ వస్తుంది. అందుకే మందు అంటే ఎవరికీ లెక్క లేదు. రెండు నెలలు వాడి, బాగానే ఉంది కదా అని మానేసి, "ఆరామ్ హై, బంద్ కర్ దియా" అని చల్లగా చెప్పే భయ్యాలని చూశాను. ఒక చుక్క మంచిదైతే మూడు ఇంకా మంచివని మూడేసి వేసుకునే వాళ్ళని చూశాను. సీసా మూతిని వెంట్రుకలకి ఆనించి, ఆ మురికి మందులోకి పోయి, కన్ను వాచి వచ్చిన వాళ్ళని చూశాను. మూత తీసి నాలుగు వారాలైతే పారెయ్యమంటే, పోయినేడాది సీసాని దేవుడి అరలో దాచి తెచ్చిన ముసలమ్మని చూశాను. పక్కింటి దీదీకి పనిచేసిందని ఆవిడ సీసానే ఇద్దరూ పంచుకున్న కొంప కూడా ఉంది.

కాబట్టి రోగులంటే నాకు ఒక అభిప్రాయం ఏర్పడిపోయింది: వీళ్ళు చెప్పింది వినరు. ముప్పై ఏళ్ళలో నేను చేసిన పెద్ద తప్పు ఈ అభిప్రాయమే. ఎందుకంటే, చెప్పింది చెప్పినట్టు విన్న మనిషి ఒకడు వచ్చినప్పుడు నేను గుర్తుపట్టలేకపోయాను.

పైడిరాజు

పైడిరాజు భిలాయ్ ఉక్కు ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. సెక్టర్ 4లో క్వార్టరు. విజయనగరం దగ్గర పల్లె నుంచి వాళ్ళ నాన్న ప్లాంటు కడుతున్నప్పుడు వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ప్లాంటు ఉద్యోగికి ప్లాంటు ఆసుపత్రి ఉండగా మా బెంచీల మీదికి ఎందుకొచ్చావని మొదటి రోజే అడిగాను.

"అక్కడ రాస్తే డిపార్టుమెంటుకి తెలిసిపోతాది సిస్టరూ. కిందకి దించీస్తారు. ఇరవై రెండేళ్ళు పైనే కూకున్నాను" అన్నాడు.

అప్పుడే వాయించి ఉండాల్సింది. మనుషుల తలల మీదుగా టన్నుల బరువు నడిపేవాడు కంటి జబ్బు దాచకూడదు. కానీ అప్పటికి అతని చూపు దాదాపు బాగానే ఉంది, ఒత్తిడే ఎక్కువ. డాక్టరుగారు కూడా "దవా సే కంట్రోల్ హో జాయేగా" అన్నారు, మందుతో అదుపులోకి వస్తుందని. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం సుఖంగా ఉంటుంది.

రెండు కళ్ళకీ రాత్రి పూట ఒక్కో చుక్క వెయ్యాలని మందు రాశారు. నేను పక్కకి తీసుకెళ్ళి పాఠం చెప్పాను. ఆ రోజు నేను అన్న మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. "రాత్రి పడుకునే ముందు వేసుకో. వేసుకుని కళ్ళు మూసుకుని పడుకో. రాత్రి మందు పగలు వెయ్యకూడదు. టైము ఇష్టం వచ్చినట్టు మార్చకు. డబల్ చెయ్యకు." బాగా గద్దించి చెప్పాను. గద్దిస్తేనే వింటారని నా నమ్మకం.

"అలాగే సిస్టరూ" అన్నాడు.

నంబరు బాగుంది

నాలుగేళ్ళు వచ్చాడు. మూడు నాలుగు నెలలకి ఒకసారి, తలకి నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాత సీసా చేత్తో పట్టుకుని వచ్చేవాడు. సీసాలో ఎప్పుడూ కొంత మందు మిగిలి ఉండేది. మిగతావాళ్ళు మందంతా బుగ్గల మీద ఒలకబోసుకుంటారు, ఇతను పొదుపుగా వేసుకుంటున్నాడని నేను మురిసిపోయాను. బెంచీ మీద వాళ్ళకి చూపించి, "చూడండి, ఇలా వాడాలి" అన్నాను కూడా.

ప్రెషర్ ఎప్పుడు చూసినా బాగానే ఉండేది. కానీ ఏడాదికోసారి చేసే ఇంకో పరీక్ష ఉంది. డబ్బాలో తల పెట్టించి, చుక్కల్లాంటి దీపాలు కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమంటాం. ఎక్కడెక్కడ కనిపించడం లేదో కాగితం మీద నల్లగా పడుతుంది. పైడిరాజు ఎడమ కంటి కాగితం ఏటేటా నల్లబడుతోంది. కుడి కంటిది కూడా అంచున మొదలైంది.

మా డాక్టరుగారి చెయ్యి బంగారం. ఆపరేషన్ టేబుల్ దగ్గర ఆయనకి ఈ చుట్టుపక్కల సాటి లేరు. చెవులు మాత్రం లేవు. రోగి నోరు తెరిచేలోపే కాగితం మీద రాసేస్తారు. ఆ రోజు కాగితాన్ని వెలుతురుకి పట్టి చూసి విసుక్కున్నారు.

"నంబర్ తో ఠీక్ హై. ఫిర్ ఫీల్డ్ క్యోం గిర్ రహా హై?"

ప్రెషర్ నంబరు బాగానే ఉంటే పక్క చూపు ఎందుకు పోతోందని ఆయన ప్రశ్న. ఇంకో మందు చేర్చారు. రెండు పూటలా వెయ్యాల్సింది. నన్ను చెప్పమన్నారు. చెప్పాను: "పొద్దున లేవగానే ఒకటి. రాత్రి పడుకునే ముందు ఒకటి. రెండు మందులకీ మధ్య ఐదు నిమిషాలు ఆగు."

దమ్ము, అంటే ఉబ్బసం, ఉందా అని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. ఆ మందు కంట్లో వేసినా ముక్కులోకి జారి ఒంట్లోకి పోతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఊపిరి పట్టేస్తుంది, కొందరికి గుండె నెమ్మదిస్తుంది. అది నాకు తెలుసు. తెలిసీ, బెంచీ మీద ఇంకా నలభై మంది ఉన్నారని, అడగలేదు.

రమణమ్మ కోపం

రెండు నెలలకి ఒక పొద్దున పైడిరాజు భార్య రమణమ్మ వచ్చింది. వరుసలో కూర్చోలేదు. నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి సీసా ఠక్కున పెట్టింది. వెనకే పైడిరాజు తల వంచుకుని నిలబడ్డాడు.

"ఏటి సిస్టరూ, ఏటి మందిచ్చినారు మీరు? కళ్ళకి మందిమ్మంటే ఊపిరి తీసీసేలాగున్నారు. మెట్లెక్కితే చాలు, పిల్లికూతలు. క్రేన్ మీదికి ఎన్ని మెట్లున్నాయో మీకేటి తెలుసు? మొన్న సగంలో కూకుండిపోనాడట."

"ఇదివరకు దమ్ము ఉండేదా?" అని అడిగాను.

"చిన్నప్పుడుండీదట. ఇన్నేళ్ళూ ఏటీ నేదు. ఈ మందు వేసినకాడి నుంచే."

పైడిరాజు నసిగాడు. "కళ్ళ మందుకీ దమ్ముకీ సంబంధమేటని నేనే చెప్పలేదు సిస్టరూ."

"ఈయన చెప్పడు, మీరు అడగరు" అంది రమణమ్మ. "నైట్ వారం ఒకటే మనిషి బాగుంతాడు. నైట్‌కి ఎల్లినప్పుడు కూతల్లేవు, ఏటీ లేవు. మిగతా రెండు వారాలూ ఇదే గోల."

నేను రాస్తున్న పెన్ను ఆపాను. అవే మెట్లు, అదే క్రేను, అదే మనిషి. నైట్ షిఫ్టు వారంలో మాత్రం ఊపిరి ఎందుకు బాగుంటుంది?

ముందు అతన్ని డాక్టరుగారి దగ్గరికి లాక్కెళ్ళాను. ఆయన గుండెల మీద గొట్టం పెట్టి విని, ఆ రెండో మందు అప్పటికప్పుడు ఆపేశారు. బయటికి వచ్చాక అతన్ని కూర్చోబెట్టి అడిగాను. "పైడిరాజూ, నైట్ వారంలో మందు వేసుకుంటున్నావా?"

నా మొహంలోకి ఆశ్చర్యంగా చూశాడు. "వేసుకోను కదా."

"అదేమిటి! ఎందుకు?"

"మీరే కదా సిస్టరూ చెప్పినారు. పొద్దున లేవగానే ఒకటి, రాత్రి పడుకునే ముందు ఒకటి. నైట్ వారంలో నేను పొద్దున లేవను, రాత్రి పడుకోను. పగలు పడుకునే ముందు వేసుకుందామా అనుకున్నాను. రాత్రి మందు పగలు వెయ్యకూడదు, టైము మార్చకూడదు అన్నారు. డ్యూటీకి ఎల్లే ముందు వేసుకుంటే, కళ్ళు మూసుకుని పడుకోవాలన్నారు, క్రేన్ మీద ఎలా పడుకుంతాను? మీరు చెప్పినట్టే చేసినాను. ఒక్క చుక్క అటూ ఇటూ చెయ్లేదు."

నాలుగేళ్ళుగా మూడు వారాలకి ఒక వారం ఆ కళ్ళకి మందు లేదు. ఆ వారమంతా ఒత్తిడి పైకి లేస్తోంది, నరం నలుగుతోంది. సీసాలో మిగిలిన మందు పొదుపు కాదు, పడని చుక్కలు. మిషను ఎందుకు పట్టుకోలేదంటారా? మా ఓపీ పొద్దున పూటే. పొద్దున ఆరు నుంచి రెండు దాకా ఫస్ట్ షిఫ్టులో అతను ప్లాంటులో ఉంటాడు, నైట్ షిఫ్టులో ఆ వేళకి నిద్రపోతుంటాడు. కాబట్టి ఎప్పుడొచ్చినా, మధ్యాహ్నం రెండుకి ఎక్కే సెకండ్ షిఫ్టు వారంలోనే వచ్చాడు. అతనికి నైట్ తర్వాత ఫస్ట్, ఆ తర్వాత సెకండ్. అంటే నా దగ్గరికి వచ్చేసరికి వారం పైన మందు పడి ఉండేది. నంబరు బాగుండక ఏం చేస్తుంది?

ఈ ఊళ్ళో పుట్టి పెరిగాను నేను. ప్లాంటు సైరను వింటూ స్కూలుకి వెళ్ళాను. మా నాన్న గార్డు డ్యూటీకి ఏ వేళ వెళ్ళేవాడో, ఏ వేళ తినేవాడో, పడుకునేవాడో నా కళ్ళతో చూశాను. అయినా ఒక ప్లాంటు మనిషిని నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా 'నువ్వెప్పుడు పడుకుంటావు' అని అడగలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది. ఇప్పుడు రాస్తుంటే కూడా వేస్తోంది.

ఏ గంటా కుదరలేదు

ఆ రోజు కాగితం తీసి ముగ్గురం కూర్చున్నాం. ఫస్ట్ షిఫ్టులో ఏ వేళకి ఇంట్లో ఉంటాడు, సెకండ్‌లో ఎప్పుడు, నైట్‌లో ఎప్పుడు అని రాశాం. రాసి చూస్తే, మూడు వారాల్లోనూ అతను ఇంట్లో ఉండే గంట రోజు మొత్తంలో ఒక్కటి కూడా లేదు! ఇరవై నాలుగు గంటల్లో ఒక్కటంటే ఒక్కటీ లేదు! నేను మాత్రం 'టైము మార్చకు' అని హాయిగా గద్దించి పంపాను.

దారి చూపింది రమణమ్మే. "ఫస్ట్ వారం రాత్రి తొమ్మిదికి ఇంట్లోనే ఉంతాడు. నైట్ వారం తొమ్మిదింపావుకి బయల్దేరతాడు, తొమ్మిదికి నేను క్యారేజీ కడతాను. సెకండ్ వారం పదకొండుకి వచ్చీస్తాడు. క్యారేజీ పక్కన సీసా ఎట్టనా?"

రెండు వారాలు తొమ్మిదికి, ఒక వారం పదకొండుకి. ఆ తేడా పరవాలేదని డాక్టరుగారు ఒప్పుకున్నారు. కావలసింది రోజుకొక చుక్క తప్పకుండా పడడం, మనిషి పడుకోవడం కాదు. చుక్క వేసి, కళ్ళు మూసి, ముక్కు పక్కన కంటి మూలని వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకుంటే చాలు. మందు ఒంట్లోకి జారదు, కంట్లోనే ఉంటుంది. మసక తగ్గాక బయల్దేరవచ్చు. ఇంత చిన్న పరిష్కారానికి నాలుగేళ్ళు, ఒక కన్ను.

తర్వాత ఏం తోచిందో, "ఏదీ, వేసి చూపించు" అన్నాను. తల వెనక్కి వాల్చి, సీసా పైకెత్తి, గట్టిగా నొక్కాడు. చుక్క కనుబొమ్మ మీద పడింది. "పడింది సిస్టరూ" అన్నాడు. రమణమ్మ నవ్వాపుకోలేకపోయింది. నాకు నవ్వు రాలేదు. వేసిన రోజుల్లో కూడా ఎన్ని చుక్కలు కంట్లో పడ్డాయో దేవుడికే తెలియాలి. కింది రెప్పని చిన్న సంచిలా లాగి, సీసా పట్టుకున్న చేతిని నుదుటికి ఆనించుకోమని నేర్పాను. ఆరోసారికి కంట్లో పడింది.

పిల్లలూ, మీరు ఎంత బాగా చెప్పారన్నది ఎవరికీ అక్కర్లేదు. మీ ముందు వేయించండి. ప్రతిసారీ వేయించండి. దమ్ము ఉందా, గుండె జబ్బు ఉందా, ఇంకేం మందులు వాడుతున్నారని అడగండి. చిన్నప్పుడు ఉండేదా అని కూడా అడగండి. బెంచీ మీద ఎంతమంది ఉన్నా అడగండి.

ఉత్తరం

ఇక దాచడానికి లేదు. ఎడమ కన్ను పక్క చూపు పోయాక క్రేన్ ఎక్కడం కుదరదు. ఆ మాట చెప్పాల్సింది డాక్టరుగారు, చెప్పింది నేను.

"కింద మనుషులుంటారు పైడిరాజూ. వాళ్ళ పిల్లల సంగతి ఆలోచించు" అన్నాను.

చేతిలో సీసా మూత బిగించాడు. "ఎడమ పక్క ట్రాలీ ఒకసారి కనబడ్లేదు సిస్టరూ. ఎవుడికీ తగల్లేదు. ఆ రోజు నుంచీ భయమే" అన్నాడు. అని, ఉత్తరం ఇవ్వమన్నాడు.

ప్లాంటు ఆసుపత్రికి డాక్టరుగారు ఉత్తరం రాశారు. టైపు చేసి వచ్చాక చదివాను. ఇంగ్లీషులో ఉన్న ఆ ఉత్తరం చివరి వాక్యం: రోగి నిర్లక్ష్యం చేసి మందు మానేశాడు. నేను కాగితం పట్టుకుని గదిలోకి వెళ్ళాను. ఆయన దగ్గర నేను గొంతు పెంచింది ముప్పై ఏళ్ళలో అదొక్కసారే.

"సార్, ఈ మాట తీసెయ్యండి. అతను నిర్లక్ష్యం చెయ్యలేదు. మనం చెప్పింది చెప్పినట్టు చేశాడు."

"తో గల్తీ కిస్కీ హై? ఆప్ లిఖ్ దీజియే" అన్నారు, తల ఎత్తకుండానే. తప్పు ఎవరిదో నన్నే రాయమని.

రాశాను. ఆ వాక్యం కొట్టేసి, కింద నా చేత్తో, 'మందు వేసే వేళ రోగి షిఫ్టును బట్టి చెప్పలేదు' అని రాసి సంతకం పెట్టాను. ఆయన చూసి, ఆ పక్కనే తన సంతకం కూడా పెట్టారు. చెవులు లేవన్నాను కదా, ఆ రోజు కాసేపు వచ్చాయి. మర్నాటి నుంచి మా రోగుల కాగితం మీద పేరు, వయసు పక్కన 'పడుకునే వేళ' అని ఒక గడి చేరింది. నిజం చెప్పాలంటే, నా ఉద్యోగంలో నేను చేసిన పని ఆ గడి ఒక్కటే.

కుడి పక్క

పైడిరాజుని కిందికి దించారు. స్టోర్‌లో వేశారు. మొదట్లో తల ఎత్తి క్రేన్ వైపు చూసేవాడు కాదని రమణమ్మ చెప్పింది. స్టోర్‌లో జనరల్ షిఫ్టు, రోజూ తొమ్మిదికే చుక్క. కుడి కంటి కాగితం మీద అంచున పడ్డ నలుపు అక్కడితో ఆగింది. ఏటా చూశాను, నేను రిటైరయ్యేవరకూ చూశాను. ఎడమది రాలేదు, రాదు.

ఇప్పుడు అతనూ రిటైరయ్యాడు. పోయిన వారం సెక్టర్ 4 బజార్లో కూరగాయల బండి దగ్గర కనిపించాడు. "పైడిరాజూ" అని పిలుస్తూ దగ్గరికి వెళ్ళాను. బండివాడు పెద్దగా అరుస్తున్నాడు, వినిపించలేదు. నేను మూరెడు దూరంలో నిలబడి ఉన్నాను. అతను వంకాయలు ఏరుకుంటూనే ఉన్నాడు. అప్పుడు తెలిసింది, నేను అతని ఎడమ పక్కన ఉన్నాను.

చుట్టూ తిరిగి అతని కుడి వైపు వెళ్ళాను. వెంటనే మొహం విప్పారింది.

"ఓ, సిస్టరా! ఎప్పుడొచ్చినారు? ఇదిగో, తొమ్మిదికి చుక్క తప్పట్లేదు. ఇప్పుడు నాకు వారానికి ఏడు రాత్రులూ ఉన్నాయి" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. ఒక్కసారైనా నన్ను తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఈ మనిషి ఇన్నేళ్ళలో ఒక్క మాట అనలేదు. వంకాయల సంచి అందుకుని, రోడ్డు దాటేవరకూ అతని ఎడమ పక్కనే నడిచాను. ఆ పక్క నుంచి ఏ బండి వచ్చినా చూడాల్సింది నేనే.